మన ముంగిట కురిసిన నీరు

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును మన సంఘములలో ప్రసంగ వాక్యముగా తీసికొనుట అరుదు. క్రొత్త యిల్లు కట్టుకొనువాడు మేడమీద చుట్టును పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల ఎవడైన పడి చనిపోయినచో ఆ దోషము ఆ యింటిమీదికి వచ్చుననియు అందులోని భావము. పది ఆజ్ఞలను కంఠస్థము చేయించు సండేస్కూలు టీచర్లు కూడ దీనిని పిల్లలకు చెప్పరు. ఇందులో దొంగతనము లేదు, అబద్ధము లేదు, ఎవరిమీదను పగ లేదు. ఇల్లు అతనిది, స్థలము అతనిది, డబ్బు అతనిది. అయినను ఆ యింటివలన ఇతరునికి హాని కలిగినయెడల దేవుడు అతనినే అడుగును.

ఈ వచనము కొన్ని సంవత్సరములుగా మా మనస్సున ముల్లువలె నాటుకొని యున్నది. కారణము మా గుడి ముంగిలి.

గుడి కట్టడము పోగా మా ఆవరణ సుమారు 6 సెంట్లు. ఎఱ్ఱమట్టి నేల, నడుమ ఒక వేపచెట్టు. వాన వచ్చినచో బురద. స్త్రీలు చీరె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని నడువవలెను. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున వృద్ధురాలు ఒకామె జారిపడి తుంటి విరుగగొట్టుకొన్నది. కాబట్టి 2021వ సంవత్సరము ఆగస్టు నెలలో, కువైటులో పనిచేయుచున్న మన సంఘ కుటుంబమొకటి కానుక పంపగా, ఆవరణ అంతయు కాంక్రీటు పోయించితిమి. గోడనుండి గోడవరకు, వేపచెట్టు మొదలువరకు, జానెడు మన్ను కనబడకుండ పోయించితిమి. మేస్త్రి మంచి పనివాడు. నీరు నిలువకుండ తూర్పు గోడవైపు చక్కని వాలు ఇచ్చి, గోడలో రెండు తూములు పెట్టెను. సమర్పణ ప్రార్థన చేసినది మేమే. ఆ దినమున మాకు కలిగిన సంతోషమును దాచనక్కరలేదు.

తూర్పు గోడకు అవతల పల్లము, ఆ తరువాత వాగుగట్టు. అక్కడ యానాదుల ఇండ్లు ఆరేడు కలవు. వారు మన సంఘస్థులు కారు. ఆ సంవత్సరము నవంబరు వానలను నెల్లూరు, కడప, చిత్తూరు జిల్లాలవారు మరువజాలరు. ఒకనాటి రాత్రి కుండపోతగా కురిసినది. తెల్లవారి చూడగా మా ముంగిలి కడిగిన పళ్లెమువలె నున్నది. బురద లేదు, నిలువ నీరు లేదు. మేము దేవునికి స్తోత్రము చెప్పుకొనుచుండగా గోడ అవతలనుండి ఒక స్త్రీ పిలిచెను. "అయ్యగారూ, మీ గుడి నీళ్లన్నీ మా యింట్లోకి వచ్చినయి. బియ్యం తడిసిపోయినయి" అనెను. కేకలు వేయలేదు, తిట్టలేదు. "ఇంతకు ముందు కూడ వాన పడేది గదమ్మా" అంటిమి. "పడేదయ్యా. ఇంత గబుక్కున వచ్చేది కాదు" అనెను.

ఆమె చదువుకొన్నది కాదు గాని ఆ ఒక్క మాటలో సంగతి అంతయు ఉన్నది. లెక్క వేసి చూడుడి. 6 సెంట్ల నేలమీద 5 సెంటీమీటర్ల వాన కురిసినయెడల పడిన నీరు సుమారు 12,000 లీటర్లు. 15 లీటర్లు పట్టు బిందెలతో కొలిచినచో 800 బిందెలు. గుడికప్పుమీద పడినది దీనికి అదనము. మట్టినేలగా నున్నప్పుడు ఆ నీటిలో కొంత భూమి త్రాగెను, కొంత వేపచెట్టు త్రాగెను, కొంత గుంటలలో నిలిచి ఎండకు ఆవిరియాయెను. మిగిలినది గడ్డిలో, గులకరాళ్లలో చిక్కుకొనుచు, మెల్లమెల్లగా పల్లమునకు పోయెను. ఇప్పుడు దారిలో ఆపువారెవరును లేరు. 800 బిందెలలో హెచ్చుభాగము ఒక్కసారిగా రెండు తూముల గుండ ఆమె వాకిటికి పోయినది. నీరు మునుపటి నీరే. దానికి మేము ఇచ్చిన పరుగు క్రొత్తది.

అమెరికా దేశములో దీనిని కొలిచినవారు ఇట్లు చెప్పుచున్నారు. చెట్టుచేమలున్న సహజమైన నేలమీద 100 పాళ్ల వాన పడినయెడల సుమారు 10 పాళ్లు మాత్రమే పైపైని ప్రవహించిపోవును, సగము భూమిలో ఇంకును, మిగిలినది ఆవిరియగును. నేలలో ముప్పాతికకు మించి కప్పులతోను, కాంక్రీటుతోను, తారుతోను మూసివేసిన పట్టణములో 55 పాళ్లు ప్రవహించిపోవును. భూమిలోనికి పోవునది 15 పాళ్లే. మన నల్లరేగడి ఉబ్బి మూసికొను నేల గనుక అక్కడ లెక్క వేరుగా నుండును. మా ఎఱ్ఱనేల మాత్రము త్రాగుబోతు నేల అని మీకందరికి తెలియును. అట్టిదాని నోరు మేము మూసితిమి.

ఒక్క గుడి ముంగిలికి ఇంత గలిగినచో, మన పిల్లలు కూలికిని చదువునకును పోవుచున్న పట్టణముల మాట ఏమి? మా ప్రాంతమునుండి మద్రాసు, అనగా ఇప్పటి చెన్నై, దగ్గర. వైద్యమునకు పోదుము, పనులకు పోదుము. 2015 డిసెంబరు మొదటి దినములలో అక్కడ అడయారు నది పొంగి మేడలవారిని, గుడిసెలవారిని కూడ ముంచినది. తాంబరమువైపు ఒక్క దినములో సుమారు 49 సెంటీమీటర్ల వాన కురిసెను. అంత వాన పడినప్పుడు ఎట్టి నేలయైనను ఓర్చుకొనలేదు. ఆ నేరమంతయు కాంక్రీటుమీద మోపుట న్యాయము కాదు. అయినను పూర్వము ఆ నీటిని పట్టి యుంచిన చెరువులమీద ఇండ్లు లేచినవి. పళ్లికరణై చిత్తడినేలలో పెద్ద భాగము కట్టడముల క్రిందికిని చెత్త క్రిందికిని పోయినది. విమానముల దారి ఒకటి అడయారు నదికి అడ్డముగా వంతెనవలె కట్టబడినది. నీరు తన పాత యిల్లు వెదకుకొనుచు వచ్చినది, అంతే.

మనము గమనింపవలసిన సంగతి ఆ తరువాతిది. ఆ వరద వచ్చి నాలుగేండ్లు నిండకముందే, 2019 జూనులో, అదే పట్టణమునకు నీరిచ్చు నాలుగు పెద్ద చెరువులును ఎండిపోయినవి. జూలై నెలలో జోలార్‌పేటనుండి రైలుపెట్టెలలో నీరు తేవలసి వచ్చినది. మన జిల్లాలోని కండలేరు జలాశయమునుండి కృష్ణానీరు ఆ పట్టణమునకు పోవుట మనకు తెలిసినదే. మునిగిన పట్టణమే దాహముతో అలమటించెను. వానలు తప్పిపోవుట ఒక కారణము. వచ్చిన వానను భూమికి ఇయ్యక సముద్రమునకు తరిమివేయుట మరియొకటి. బ్యాంకిలో వేయవలసిన జీతమును వచ్చిన దినముననే ఖర్చు చేసినవాడు నెలాఖరున అప్పునకు తిరుగును.

హైదరాబాదు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోదుము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అప్పటికి ఆ పట్టణములో కాంక్రీటు లేదు, తారు లేదు. గనుక ప్రతి వరదకును కాంక్రీటే మూలమని మేము చెప్పుట లేదు. అయితే నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు సూచించిన ఉపాయము చూడుడి. నీటిని ఇంకను త్వరగా తరిమి పంపుటతో ఆయన తృప్తిపడలేదు. ఊరికి ఎగువను దానిని ఆపి కూర్చుండబెట్టవలెననెను. ఆ విధముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును వచ్చినవి. వరదను ఆపినదే త్రాగుటకు నీరైనది. అదే పట్టణము 2020 అక్టోబరులో మరల మునిగినప్పుడు, మన పేటలనుండి తాపీపనికి పోయిన కుటుంబములు పల్లపు బస్తీలలో అద్దెకుండి, సామానంతయు పోగొట్టుకొని వచ్చిరి. వారు పోసిన కాంక్రీటుమీదనుండి జారిన నీరే వారి గదులలోనికి వచ్చినదని చెప్పినచో అబద్ధము కాదు.

ఇక వేడిమి. గుడి బయట చెప్పులు విడుచుట మన వాడుక. 2022 మే నెలలో వి.బి.ఎస్. జరిగినప్పుడు, పదకొండు గంటలకు విడిచిపెట్టగానే పిల్లలు గుడిమెట్లు దిగి, చెప్పులవరకు ఒంటికాలిమీద గెంతుచు పోవుట చూచి మేము మొదట నవ్వితిమి. తరువాత మేము కూడ దిగితిమి. నవ్వు పోయినది. అంతకు ముందు నెలలో, మంచి శుక్రవారపు మూడు గంటల ఆరాధన పందిరి క్రింద జరిగినప్పుడు కాంక్రీటుమీద చాపలు పరచుకొని కూర్చున్నవారు ఏడు మాటలు ముగియకముందే లేచి గోడనీడకు పోయిరి. భక్తి తగ్గినదని వారిని మందలింపబోతిమి, ఎంత అజ్ఞానము! మునుపు వేసవి రాత్రులలో ముసలివారు వేపచెట్టు క్రింద మంచములు వేసికొని పడుకొనెడివారు. ఇప్పుడు రాత్రి పది గంటలకు కూడ నేలనుండి సెగ వచ్చుచున్నదని ఎవరును రారు.

దీనికి కారణము సులువుగా చెప్పవచ్చును. తడి గల నేలమీద ఎండ పడినప్పుడు ఆ వేడిమిలో పెద్ద పాలు నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. చెట్టు ఆకులనుండి కూడ అట్లే. కూజాలో నీరు చల్లబడుట ఇందువలననే. కాంక్రీటులోను తారులోను ఆవిరి కావలసిన తడి లేదు గనుక పడిన ఎండ అంతయు లోపల నిలువయై, ప్రొద్దు గ్రుంకిన తరువాత మెల్లగా బయటికి వచ్చును. క్రొత్తగా వేసిన నల్లని తారురోడ్డు తనమీద పడిన ఎండలో 100కి 90 పాళ్లకు పైగా మ్రింగును. ఇట్టి నేలలు వేసవి మధ్యాహ్నమున 48 మొదలు 67 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కునని అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెప్పుచున్నది.

పట్టణములు పల్లెలకంటె వేడియని థర్మామీటరుతో కొలిచి మొదట వ్రాసినవాడు ల్యూక్ హవర్డ్ అను ఇంగ్లీషువాడు. ఆయన మందులు తయారుచేయు వర్తకుడు, క్వేకరు క్రైస్తవుడు. మేఘములకు నేటికిని వాడుకలోనున్న పేర్లు పెట్టినదికూడ ఆయనయే. లండను పట్టణము రాత్రివేళ చుట్టునున్న పల్లెలకంటె సుమారు 2 డిగ్రీల సెల్సియస్ హెచ్చు వేడిగా నున్నదని 1818లో మొదలుపెట్టి ప్రచురించిన తన గ్రంథములో చూపెను. రెండు డిగ్రీలే కదా అనవచ్చును. రేకుల యింటిలో చంటిబిడ్డతో పడుకొన్న తల్లిని అడుగుడి. పగటి ఎండకు నీడ వెదకుకొనవచ్చును. రాత్రి చల్లబడని యింటినుండి ఎక్కడికి పోవుట?

ఇంతవరకు చెప్పినది శాస్త్రము. మమ్మును బాధించుచున్న ప్రశ్న వేరు. మంచి ఉద్దేశముతో, మన సొంత స్థలములో, చట్టమునకు లోబడి చేసిన పనివలన పల్లమునున్నవానికి కలిగిన నష్టము పాపమగునా? మా కమిటీలో పెద్దయ్య ఒకాయన తెగేసి చెప్పెను: "అయ్యగారూ, వాన కురిపించేది దేవుడు. పల్లంలో ఇల్లు వేసుకొన్నది వాళ్లు. మధ్యలో మన తప్పేమిటి?" ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వాన కురియుట దేవుని దయయని ప్రభువే కొండమీద బోధించెను. అయితే దేవుడు కురిపించిన వాన చుక్కచుక్కగా, అందరిమీద సమముగా పడినది. దానిని ప్రోగుచేసి ఒక్క యింటిమీదికి త్రిప్పినది దేవుడు కాదు, మా మేస్త్రి వాలు. ఆ వాలుకు డబ్బు ఇచ్చినది మేము. పిట్టగోడ ఆజ్ఞయు ఇట్టిదే. భూమి క్రిందికి లాగుట దేవుని యేర్పాటే. అంతమాత్రమున మేడ కట్టినవాడు తప్పించుకొనలేదు.

పల్లములో ఇల్లు వేసికొన్నది వారు అనుటలో మరొక చిక్కు కలదు. మెరకన చోటిచ్చిన వారెవరు? సహోదరులారా, ఈ మాట మనము అనదగినది కాదు. మన పేటలు ఏ ఊరిలో ఎగువను ఉన్నవి? ఊరి నీరంతయు, ఊరి మురుగంతయు దిగి వచ్చు చోటనే మన తాతలకు స్థలము దొరికెను. ఊరిలో సిమెంటు వీధులు పడిన తరువాత పై వీధి నీరు మన గడపలలోనికి వచ్చుచున్నదని మండలాఫీసుకు అర్జీ వ్రాసినప్పుడు ఆ కాగితముమీద మొదటి సంతకము మాదే. ఇప్పుడు మన గుడి ముంగిలి మరియొకరికి పై వీధి అయినది. యెహెజ్కేలు 34వ అధ్యాయము 18వ వచనములో ప్రవక్త తోడేళ్లను గద్దించుట లేదు. తేటనీరు తాము త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలతపెట్టిన గొఱ్ఱెలను గద్దించుచున్నాడు. అవియు మందలోనివే, అణగద్రొక్కబడినవే కావచ్చును. ఆ సంగతి వాటిని నిర్దోషులుగా చేయలేదు.

మరి మా 6 సెంట్ల నీరు వాగు వరదలో ఎంత? తూచలేనంత తక్కువ. ప్రతివాడును ఇట్లే తక్కువ చేసియున్నాడు గనుక వరదకు తండ్రి లేడు. ఇక్కడ లేవీయకాండము 4వ అధ్యాయము 13వ వచనము మొదలు చదువుట మంచిది. సమాజమంతయు తెలియక తప్పు చేయవచ్చునని మోషే ధర్మశాస్త్రము ఒప్పుకొనుచున్నది. తెలియక చేసితిమి గనుక వదలిపెట్టుమని చెప్పుటకు అక్కడ చోటు లేదు; సంగతి తెలిసినప్పుడు పెద్దలు కోడెదూడ తలమీద చేతులుంచవలెను. తెలియకముందు మేము ఎట్టివారమో దేవుడెరుగును. ఆ స్త్రీ గోడ దగ్గర నిలిచి చెప్పిన ఉదయము తరువాత తెలియదనుటకు వీలులేదు.

సిమెంటును మేము శపించుచున్నామని ఎవరును అనుకొనవద్దు. పేటకు రోడ్డు లేనినాడు మోకాటిలోతు బురదలో శవపేటికను మోసిన భుజములు ఇంకను మన మధ్య ఉన్నవి. పురిటినొప్పుల స్త్రీని మంచముమీద పెద్దరోడ్డువరకు మోసికొనిపోయిన దినములు ఉన్నవి. మట్టివాసన, పల్లె అందము అని పట్టణపువారు వ్రాయునప్పుడు మాకు కోపము వచ్చును. ఆ మట్టిలో నడిచినది వారు కారు. నడుచుటకు, బండి పోవుటకు, ముసలివారు జారకుండుటకు ఎంత కావలెనో అంత గట్టినేల వేసికొనుట తప్పు కాదు. శుభ్రముగా కనబడవలెనను ఒక్క ఆశతో చెట్టు మొదలువరకు భూమి నోరు మూయుట వేరు. మేము చేసినది ఈ రెండవది.

2023 ఫిబ్రవరిలో, మూడు కమిటీల తగవు తరువాత, కొంత పగులగొట్టించితిమి. అప్పటికే వేపచెట్టుకు రెండు కొమ్మలు ఎండినవి. వేళ్లకు నీరును గాలియు అందలేదని తోటపని ఎరిగినవారు చెప్పిరి. చెట్టు చుట్టు నాలుగడుగులు తీసివేసితిమి. తూర్పు గోడ పొడుగున మూడడుగుల వెడల్పు తీసి, మన్ను వదులుచేసి, గరిక నాటితిమి. తూములకు ముందు ఒక ఇంకుడు గుంట త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేయించితిమి. గుడికప్పు నీరు గొట్టము ద్వారా అందులోనికే దింపితిమి. గేటునుండి గుడిమెట్లవరకు నడచు దారియు, వృద్ధులు కూర్చుండు ప్రక్కయు కాంక్రీటుగానే ఉన్నవి. కువైటులోని సహోదరునికి మేమే ఫోను చేసి చెప్పితిమి. కొంచెము సేపు మాటాడలేదు. "మీరు మంచిదే చేసి ఉంటారయ్యగారూ" అనెను గాని ఆ గొంతులో నొప్పి మాకు వినబడినది. అతడు ఎడారి ఎండలో సంపాదించిన డబ్బు అది.

ఆ సంవత్సరపు వానలకు గుంట ఒకసారి నిండి పొర్లినది. మిగిలిన వానలన్నియు త్రాగినది. పెద్దయ్య ఇంకను చెట్టుక్రింది బురద చూపి తల ఆడించుచునే యున్నాడు. ఆదివారము గుడి విడిచిన తరువాత ఆ బురదలో పిల్లలు ఆడుకొనుచున్నారు గనుక తల్లులు కూడ ఆయన పక్షమే.

నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములలో గొయ్యి త్రవ్వి మూయనివాడు అందులో పడిన ఎద్దు వెల దాని యజమానునికి ఇచ్చుకొనవలెనని యున్నది. గొయ్యి పూడ్చినంత మాత్రమున లెక్క తీరునని లేదు. తడిసిన బియ్యము ఎంతయని ఆ స్త్రీని అడిగితిమి. "ఇప్పుడెందుకులే అయ్యగారూ" అని నవ్వెను. మరల అడుగగా, కోటా బియ్యము, ఇరవై కిలోలుండవచ్చుననెను. ఈ సంగతి కమిటీలో పెట్టినప్పుడు ఇయ్యవద్దని ఎవరును అనలేదు. ఏ పద్దు క్రింద వ్రాయవలెనని కోశాధికారి అడిగెను. మరమ్మతులు అని ఒకరు, బీదల నిధి అని మరియొకరు అనిరి. బీదల నిధి అనుటకు మాకు మనస్సొప్పలేదు. అది ధర్మము చేసినట్లగును, ఇది బాకీ. ఆ సాయంకాలము తేలలేదు. కోతపండుగ లెక్కలు చూచునాడు మరల అడుగుదుము.